ఇనుప కొంగ నాలుగో సంచిక

బుధవారం మా కామిక్కుల పిచ్చివాళ్ళకు పండగ. కొత్త కామిక్కులన్నీ ఆ రోజే వస్తాయి. మా టొలీడో ఊళ్ళో మంచు ఎంత కురవనీ, నేను తలుపు తీసేసరికి నలుగురైనా బయట చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంటారు. ఈ కామిక్కుల కొట్టు తెరిచిన నాటినుంచి నాకు రెండే నియమాలు. కామిక్‌ను నిలబడి చదవడానికి వీల్లేదు, కొనుక్కుని చదవాలి. నాకు నచ్చనిదాన్ని బాగుందని చెప్పి అమ్మను. ఎవరు గీసినా సరే.

ఈ రెండోది చెప్పుకోవడానికి బాగానే ఉండేది, నా కూతురు కింగా సొంతంగా ఒక కామిక్ రాసి గీసేదాకా. 'ఇనుప కొంగ' దాని పేరు. పగలంతా నది మీద, పడవలొస్తే పైకి లేచే ఎత్తుడు వంతెన నడిపే ఒక ఆడమనిషి, ఆపద వస్తే ఇనుప రెక్కలు తగిలించుకుని ఎగురుతుంది. నెలకో సంచిక, దేశమంతటా అమ్మకం. మొదటిది వచ్చిన బుధవారం దాన్ని కిటికీ నిండా పేర్చాను. కన్నకూతురు గీసింది, పేర్చనా మరి!

"ఇలోనా, కాకిపిల్ల కాకికి ముద్దు" అన్నాడు టాలివర్. మూడు తలుపుల అవతల మంగలి షాపు అతనిదే. మా స్నేహం కింగా పుట్టకముందటిది. "నీ విషయంలో కొంగపిల్ల అనాలి కాబోలు."

"కబుర్లు తర్వాత. కొంటావా, కొనవా?"

"ఒకటేమిటి, ఐదు కొంటా. మొదటి ఆరు సంచికలూ అయ్యాక కలిపి లావు పుస్తకం వేస్తారుగా, అప్పుడు. మా చెల్లికొకటి, పాస్టరుగారికొకటి. నా కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెబుతున్నా, ముక్కలుముక్కలుగా కొనకండర్రా, పుస్తకం వచ్చేదాకా ఆగండి, మన కింగా కథ సుఖంగా చదువుకుందురు గాని అని."

ప్రేమకొద్దీ చెప్పాడు. అందుకే అప్పటికి ఊరుకున్నాను. ఊరుకోవాల్సింది కాదు.

రెండో సంచిక వచ్చిన వారం కింగా కొట్టుకు వచ్చి, కోటు కూడా విప్పకుండా స్టూలు మీద కూలబడింది. ఎడిటర్ ఫోన్ చేశాడట.

"ఆరో సంచికతో ఆపేస్తారటమ్మా. కొట్లవాళ్ళ ఆర్డర్లు మరీ తక్కువగా ఉన్నాయట."

"పుస్తకం కోసం ఊరంతా కాచుకుని ఉందని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. నెలనెలా అమ్మనిదానికి పుస్తకం ఎందుకు వేస్తామన్నాడు."

నా వెనక అల్మరా నిండా పేర్లు రాసిన అట్టపెట్టెలు ఉంటాయి. పెట్టె పెట్టుకున్నవాళ్ళకు వాళ్ళడిగిన కామిక్కులు ప్రతి బుధవారం అందులో వేసి ఉంచుతాను. నేను ఆర్డరిచ్చేది ఆ పెట్టెలను చూసుకునే. ఎన్ని కావాలో అచ్చువేసేవాళ్ళకు ముందే చెప్పాలి, మిగిలిపోతే వెనక్కి తీసుకోరు. దేశంలో ఏ కొట్టువాడైనా అంతే. ఆరునెలల తర్వాత కొంటానన్నవాడి ప్రేమ ఏ పెట్టెలోనూ కనపడదు. ఆ రోజు చూస్తే 'ఇనుప కొంగ' అడిగినవాళ్ళ పెట్టెలు చేతివేళ్ళకు మించి లేవు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా టాలివర్ షాపులోకి వెళ్ళాను. కుర్చీలో ఎవరో పెద్దమనిషి సగం క్రాఫు చేయించుకుని ఉన్నాడు.

"ఏమయ్యా టాలివరూ! ఆలు లేదు చూలు లేదు, అప్పుడే ఐదు పుస్తకాలు పంచిపెడుతున్నావు! నీ ధర్మమా అని నా కూతురి కామిక్ మూతపడబోతోంది, తెలుసా?"

జరిగింది చెప్పాను. కత్తెర పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. అతని మొహం చూస్తే జాలేసింది గాని, నా నోరు ఆగలేదు. ఇంత ప్రేమించి ఒక కామిక్‌ను చంపడం మా కామిక్కుల పిచ్చివాళ్ళకే చెల్లిందన్నాను.

అంతా విని, కత్తెర కింద పెట్టాడు. "సరే, నాది తప్పే. ఇప్పుడు నేనొకటి చెప్తాను, కొట్టకు. మొదటి సంచిక మా బావమరిది దగ్గర చదివా. కథలో ఆ పిల్ల అద్దం ముందు నిలబడింది. పేజీ తిప్పా, నిలబడే ఉంది. ఇంకోటి తిప్పా, ఇంకా అద్దంలోనే చూసుకుంటోంది. రెక్కలు ఆఖరి పేజీలో గాని రాలేదు. నేను ఒక పక్క మాత్రం కత్తిరించి, మిగతాది వచ్చే నెల రమ్మంటే నా కుర్చీ ఎవడెక్కుతాడు?"

"నాయనా, ముందు నాది పూర్తిచెయ్యి" అన్నాడు కుర్చీలో పెద్దమనిషి.

ఆ మాట మొదటి సంచిక చదివిన రోజే నా మనసులోనూ మెదిలింది. ఇంకెవరి కామిక్ అయితే ఆ రోజే మొహం మీద అనేసి ఉందును.

ఆ ఆదివారం కింగా భోజనానికి వస్తే కోడిపులుసు వడ్డించి, మెల్లగా కదిపాను. మెల్లగా అంటే నాకు చాతనైనంత మెల్లగా.

"నీ కథ మరీ సాగుతోందే. ఒక నెలలో జరగాల్సింది మూడు నెలలు నానుతోంది."

చెంచా ఠక్కున పెట్టింది. "పుస్తకానికి సరిపడా రాయమన్నారమ్మా! ఆరూ ఒక్క ఊపున చదివితే ఎంత బాగుంటుందో నీకేం తెలుసు?"

"బాగుంటుంది. ఎవరు కాదన్నారు? కానీ బుధవారం మంచులో నిలబడినవాడి చేతికి నువ్విచ్చేది ఒక్కటే. ఆ ఒక్కటీ కడుపు నింపాలా వద్దా?"

కోటు తీసుకుని వెళ్ళిపోయింది. కోపం నా పోలికే. మూడో సంచిక అప్పటికే అచ్చుకు పోయింది. ఎడిటర్‌తో ఏం పోట్లాడిందో నాకు తెలియదు గాని, నాలుగోదానికి ఆర్డర్లు చెప్పాల్సిన గడువు ఇంకా ఉండగానే పేజీల కట్ట ఒకటి తెచ్చి నా బల్ల మీద పడేసింది. గీసినదంతా పక్కన పెట్టి మళ్ళీ గీసిందట. "చదువు. బాగుందనక్కర్లేదు" అంది.

చదివాను. వంతెన సగం లేచి ఇరుక్కుపోయింది. దాని అంచున జనంతో ఒక బస్సు. ఇనుప కొంగ కింద నిలబడి వంతెనను వీపు మీద మోస్తోంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే. బస్సులోని ముసలమ్మ కిటికీలోంచి, అమ్మాయీ పొద్దున ఏమైనా తిన్నావా అని అడుగుతుంది. ఒక్కొక్కరే దిగుతారు, ఈలోగా ఆమె ఓపిక తగ్గి వంతెన ఒక్కొక్క అంగుళం కుంగుతుంది. అందరూ బతుకుతారు. కథ అక్కడికి అయిపోయింది. చివరి బొమ్మలో మాత్రం, రాలిపోయిన ఒక ఇనుప ఈకను ఎవరిదో చెయ్యి ఏరుకుని జేబులో వేసుకుంటుంది.

ఆరింట్లో ఒక ముక్కలా లేదది. తనంతట తను నిలబడింది. నా బిడ్డ గీసింది అనుకుంటే గుండె పొంగింది. పొంగనీ, నాకేం సిగ్గు లేదు.

టాలివర్‌ను పిలిచి ఆ కట్ట చేతిలో పెట్టాను. కింగా అటు తిరిగి అల్మరా సర్దుతున్నట్టు నటిస్తోంది. అతను నా కొట్టు మధ్యలో నిలబడి చదవడం మొదలుపెట్టాడు. నేను నియమం గుర్తుచెయ్యలేదు. ముసలమ్మ దగ్గర గట్టిగా నవ్వాడు. తర్వాత మరి నవ్వలేదు. చివరి పేజీ అయ్యాక మళ్ళీ వెనక్కి తిప్పి ఒక బొమ్మ చూశాడు.

"ఆ చెయ్యి ఎవడిదే?" అని కింగాను అడిగాడు.

"వచ్చే నెల" అంది, వెనక్కి తిరక్కుండానే.

అతను కాసేపు గడ్డం గోక్కుని, నావైపు చూశాడు. "నాకో పెట్టె పెట్టు, ఇలోనా. పేరు పెద్దక్షరాలతో రాయి."

ఆ వారమంతా అతని కుర్చీ దిగిన ప్రతివాడూ, మెడ మీద వెంట్రుకలు దులుపుకుంటూ, పెట్టె కావాలని నా దగ్గరికి వచ్చాడు. మా ఒక్క కొట్టుతో ఒరిగేది లేదు నిజమే. కానీ ఎడిటర్ ఆ పేజీలు దేశంలోని కొట్లన్నిటికీ పంపాడు, ఆర్డర్లు అన్నిచోట్లా లేచాయి. ఐదోదీ ఆరోదీ కింగా అలాగే రాసింది. ఆపేస్తామన్నవాళ్ళు ఆ మాటే ఎత్తలేదు.

లావు పుస్తకం వచ్చిన బుధవారమే ఎనిమిదో సంచిక కూడా వచ్చింది. టాలివర్ అన్న మాట ప్రకారం ఐదు పుస్తకాలూ కొన్నాడు. ఒకటి అక్కడే తెరిచి, నాలుగో కథ దగ్గర ఆగాడు.

"బాగుంది గాని, ఇందులో ఒకటి లోపించింది. ఆ చెయ్యి ఎవడిదని నెల్లాళ్ళు నా షాపులో కొట్టుకు చచ్చాం. ఇక్కడ పేజీ తిప్పితే చాలు, తేలిపోతోంది. పాపం పాస్టరుగారు, ఆయనకా సరదా లేదు."

"ఇదంతా చెప్పడానికి నువ్వే దొరికావా!" అని, అతని పెట్టెలోంచి ఎనిమిదోది తీసి ఇచ్చాను.

అట్ట తిప్పాడు. మొదటి పేజీ చూశాడు. అలాగే చదువుకుంటూ తలుపు తోసుకుని బయటికి నడిచాడు. ఐదు పుస్తకాలూ నా బల్ల మీదే ఉండిపోయాయి. పిలుద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి, తల ఎత్తకుండా తన షాపు కూడా దాటి పోతున్నాడు.