గడప దాటని నిప్పు

విత్తనాల పండగ రోజు మా ఊళ్ళో ఎవరూ నిప్పు బయటికివ్వరు. ఇస్తే పంట కూడా దాని వెంటే పోతుందంటారు. సరిగ్గా ఆ రోజే పొరుగింటి కనక పొయ్యి ఆరిపోయింది. దాని మొగుడు దొరల రోడ్డు పనికెళ్ళి రాలేదు. గడ్డి కప్పేవాళ్ళు లేక ఇల్లు కారి, పొయ్యీ అగ్గిపెట్టే రెండూ తడిసిపోయాయి.

"కాసింత నిప్పియ్యి, సోములత్తా," అని గుమ్మంలో నిలబడింది.

నాకు ఒళ్ళు మండింది.

"వానొచ్చేలా ఉంటే నిప్పుల మీద బూడిద కప్పి, పైన మూకుడు బోర్లించాలని తెలీదేటే? ఎండుకట్టెలు అటకెక్కించాలని తెలీదేటే? నా నిప్పు గడప దాటదు. నువ్వు దాటు. కుండ తెచ్చుకో."

నా పొయ్యి మీదే సామల అన్నం వండుకుంది. దాని పిల్లలూ ఇక్కడే తిన్నారు. తిడుతూనే వాళ్ళకి దుంపలు కాల్చిపెట్టాను.

మరుసటేడు పండక్కి చుక్క వాన లేదు. కనక మొగుడొచ్చి వాళ్ళింటికి కొత్త గడ్డి కప్పాడు. అయినా సాయంత్రం కనక కుండ పట్టుకుని వచ్చింది.

"నిప్పారిపోనాది, అత్తా."

దాని వెనక, వాళ్ళ కప్పులోంచి పొగ లేస్తోంది. నేను పొయ్యి మీది నా కుండ పక్కకి జరిపాను.