రెండోసారి వెళ్ళని పార్కులు

సిటీ బస్సు డ్రైవరుకి వారానికి ఒక్కరోజు సెలవు. చాలామంది ఆ రోజు కాళ్ళు చాపుకుని పడుకుంటారు. క్లచ్చు తొక్కి తొక్కి పట్టేసిన ఎడమ మోకాలికి నూనె రాయించుకుంటారు. ఈ కథలోని డ్రైవరు మాత్రం సెలవు రోజున ఎండ చల్లబడేసరికి తయారైపోయి, అయిదేళ్ళ కూతుర్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని బయల్దేరేవాడు.

"ఈవేళ ఏ పార్కు నాన్నా?"

"ముందే చెప్పేస్తే మజా ఏముందే? వెళ్ళాక చూద్దువుగా."

"ఉయ్యాల ఉంటుందా?"

"ఉయ్యాల లేకపోతే దాన్ని పార్కంటారా? ఖాళీ స్థలం అంటారు."

పిల్ల కిలకిలా నవ్వేది. క్షణం ఒకచోట నిలవదని నానమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. నానమ్మ పోయినా ఆ పేరు మిగిలింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఎదురింటి పెద్దాయన అరుగు మీంచి చూస్తూ, "తండ్రంటే అలా ఉండాలి. మా అల్లుడూ ఉన్నాడు ఎందుకూ, సెలవొస్తే ఫోన్లో తల దూర్చి సాయంత్రానిగ్గానీ పైకి తేలడు" అనేవాడు. నిజమే, చూసేవాళ్ళకి ముచ్చటేసే దృశ్యమే. వారానికో కొత్త పార్కు! కానీ ఒకసారి వెళ్ళిన పార్కుకి ఆ తండ్రి కూతుర్ని రెండోసారి ఎందుకు తీసుకెళ్ళడు అని ఆ వీధిలో ఒక్కరికీ సందేహం రాలేదు. మనమూ అంతే కదా! ముచ్చటగా ఉన్నదాన్ని ముచ్చటగా చూసి ఊరుకుంటాం.

పిచ్చుకకి మూడేళ్ళప్పుడు కంటి కొసన బియ్యపు గింజంత తెల్లమచ్చ కనిపించింది. పాలమచ్చ అనుకున్నారు. అది పెరిగింది. తర్వాత పెదవి చుట్టూ, ఆపైన చేతివేళ్ళ మీద, మోకాళ్ళ మీద కూడా వచ్చాయి. చర్మవ్యాధుల డాక్టరమ్మ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది.

"ఇది బొల్లి. అంటుకోదు, నొప్పి ఉండదు, ప్రాణానికి ఏ ముప్పూ లేదు. ఒకే కంచంలో తినండి, పక్కలో పడుకోబెట్టుకోండి, ఏమీ కాదు. మందు రాస్తూ ఉందాం. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. పిల్లని మాత్రం దాచకండి."

తల్లీ తండ్రీ ఇద్దరూ తలలూపారు. ఇంటికొచ్చి దాచడం మొదలుపెట్టారు. బంధువులు ఇది తల్లి తరపు నుంచి వచ్చిందా, తండ్రి తరపు నుంచి వచ్చిందా అని ఏడు తరాలు తవ్విపోశారు. తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఊళ్ళో ఆడపిల్లలందరికీ బుట్టచేతుల గౌన్లు కుట్టే ఆ చేతులు కన్నకూతురికి మాత్రం మండుటెండల్లో కూడా మణికట్టు దాటే చేతులూ, మెడ దాకా కాలరూ కుట్టేవి. "ఉక్కపోస్తోందమ్మా" అని పిల్ల అంటే, "ఇదే ఫ్యాషన్ తల్లీ" అని మొహం తిప్పుకునేది.

ఇంటి వెనకే ఒక పార్కు ఉంది. మొదట్లో రోజూ అక్కడికే వెళ్ళేవాళ్ళు. ఒక సాయంత్రం పిచ్చుక జారుడుబల్ల మీంచి జారి, మళ్ళీ మెట్ల వైపు పరిగెత్తింది. వెనక వరసలో తన కొడుకుని నిలబెట్టిన ఒకావిడ ఆ పిల్లాణ్ణి భుజం పట్టి ఆపింది. సీసాలో నీళ్ళు బల్ల మీద ఒలకబోసి, చేతిరుమాలుతో పైనుంచి కిందిదాకా తుడిచింది. రుమాలు అక్కడే చెత్తడబ్బాలో పడేసింది. ఆ తర్వాత, "ఇప్పుడు జారు నాన్నా" అంది.

ఆవిడ ఒక్క మాట అనలేదు. అని ఉంటే డ్రైవరు కూడా ఏదో ఒకటి అనేవాడేమో. అనని మాటకి ఏమని జవాబు చెప్తాడు? గబగబా వెళ్ళి కూతుర్ని ఎత్తుకున్నాడు. "పద తల్లీ, దీనికంటే పెద్ద పార్కుంది, అక్కడికెళ్దాం" అన్నాడు.

అలా మొదలైంది ఆ తిరుగుడు.

బస్సు నడిపేవాడికి ఊళ్ళో తెలియని పార్కుంటుందా? కాలవ గట్టు మీది పార్కుకి వెళ్ళారు. అక్కడ జారుడుబల్ల మెలికలు తిరిగి ఉంటుంది. గుండ్రంగా తిరిగే బల్ల మీద పిచ్చుక ఎక్కగానే మిగతా పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే వాళ్ళ తల్లులు పేర్లు పెట్టి పిలిచేశారు. పెద్ద ఆఫీసుల వెనకున్న పార్కులో ఇసక బాగుంటుంది. "మీ పాపకి ఏంటండీ అది? ఇసకలో చేతులు పెట్టించకండి, అందరు పిల్లలూ ఆడే ఇసక" అన్నాడొక తండ్రి, ఎంతో మర్యాదగా. అపార్టుమెంట్ల మధ్యనున్న పార్కులో వాచ్‌మన్ తల గోక్కుంటూ వచ్చి, "నేనేం అనట్లేదన్నా, పైనుంచి ఫోనొచ్చింది, ఏమనుకోకు" అన్నాడు. పాపం, అతనికీ ఒక కూతురుందట.

రానురాను డ్రైవరు ఆరితేరిపోయాడు. రోడ్డు మీద ఎదుటి బండివాడు ఎటు తిప్పబోతున్నాడో ముందే పసిగట్టినట్టు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళ చూపు చూసి ఎప్పుడు లేవాలో పసిగట్టేవాడు. ఒకావిడ ఇంకొకావిడ చెవి దగ్గరికి వంగిందంటే చాలు, "పిచ్చుకా, ఐస్‌క్రీమ్ బండి వెళ్ళిపోతోందే!" అని కేకేసేవాడు. పిల్ల వచ్చేసేది. ఎందుకు అని ఒక్కసారి కూడా అడిగేది కాదు. అడగకపోవడం చూసి, దీనికేం తెలీదు, పసిది అని అతను ఊపిరి పీల్చుకునేవాడు.

"ఎన్ని పార్కులని తిప్పుతారండీ?" అంది భార్య ఒకరోజు, సూదిలో దారం ఎక్కిస్తూ. "అన్నీ అయిపోతే ఏం చేస్తారు?"

"అప్పటికి మందు పని చెయ్యకపోతుందా?"

"చెయ్యకపోతే?"

కుండకి మూత పెట్టగలం గానీ లోకం నోటికి పెట్టలేం, కాబట్టి లోకానికే దొరక్కుండా తిరగాలి అన్నది అతని సిద్ధాంతం. అదే ప్రేమ అనుకున్నాడు.

ఆ వారం నీళ్ళ ట్యాంకు కింద ఉన్న పార్కుకి వెళ్ళారు. చిన్నది. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, ఎక్కడానికి తాళ్ళ నిచ్చెన. జనం లేరు. ముందుపళ్ళు ఊడిన ఒక బొద్దు పిల్ల మాత్రం ఒక్కతే ఆడుకుంటోంది. ఆ పిల్ల తిన్నగా వచ్చి పిచ్చుక మొహంలోకి చూసింది.

"అదేంటి తెల్లగా?"

"మచ్చ."

"నొప్పా?"

"ఊహూ."

"నాకు పళ్ళు ఊడినప్పుడు నొప్పేసింది. సరే, నన్ను తొయ్యి" అని ఉయ్యాల ఎక్కి కూర్చుంది. అంతే. ఇంత పెద్ద ఊళ్ళో ఆ ప్రశ్నని అంత తేలిగ్గా అడిగినవాళ్ళు గానీ, ఆ జవాబుతో అంత తేలిగ్గా సరిపెట్టుకున్నవాళ్ళు గానీ అంతవరకూ లేరు.

బొద్దు పిల్ల తల్లి బ్యాంకులో పనిచేస్తుందట. బెంచీ మీద కాస్త జరిగి డ్రైవరుకి చోటిచ్చింది. "ఎక్కడ చూపిస్తున్నారు? ఈ రోజుల్లో మంచి మందులొచ్చాయిలెండి" అంది ఆప్యాయంగా. చాలా కాలానికి అతను బెంచీకి వీపు ఆనించి కూర్చున్నాడు. చీకటి పడబోతుంటే కూతురి చెప్పులు చేత పట్టుకుని జారుడుబల్ల వెనకవైపు వెళ్ళాడు. పిల్లలిద్దరి మాటలూ వినిపించి ఆగాడు.

"నువ్వెందుకు జారిన ప్రతిసారీ గౌనుతో తుడుస్తున్నావ్?"

"నేను జారితే తుడవాలి."

"ఎందుకు?"

"తుడవకపోతే వేరేవాళ్ళు తుడుస్తారు. అప్పుడు నాన్న మొహం అదోలా అయిపోద్ది."

బొద్దు పిల్లకి అర్థం కాలేదు. "రేపొస్తావా?" అంది.

"రాను. మేము ఒక పార్కుకి ఒక్కసారే వెళ్తాం. మొదటిసారి ఎవరికీ తెలీదు కదా. రెండోసారికి తెలిసిపోద్ది." గొంతు తగ్గించి అంది, "నాకు తెలుసని మా నాన్నకి చెప్పకే. నాన్న ఐస్‌క్రీమ్ బండి వెళ్ళిపోతోంది అంటాడు. బండేం ఉండదు."

డ్రైవరు ఇనప మెట్టు పట్టుకుని నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ తాను పిల్లని లోకం నుంచి కాపాడుతున్నానని అనుకున్నాడు. అయిదేళ్ళ పిల్ల తన తండ్రిని కాపాడుతూ వచ్చింది.

కళ్ళు తుడుచుకుని బయటికొచ్చి, "రేపూ వస్తాం రా తల్లీ, ఇక్కడికే వస్తాం" అన్నాడు బొద్దు పిల్లతో. పిచ్చుక అతని మొహంలోకి నమ్మనట్టు చూసింది.

మర్నాడు తోటి డ్రైవరుని బతిమాలి డ్యూటీ మార్పించుకున్నాడు. భార్యకి జరిగింది చెప్తే, ఆవిడ ఏడుస్తూనే కత్తెర తీసుకుని కూతురి గౌను చేతులు మోచేతి పైకి కత్తిరించి అంచు కుట్టింది. పిల్ల దారంతా తన చేతులు తానే చూసుకుంటూ వచ్చింది.

బొద్దు పిల్ల రాలేదు. చీకటి పడేదాకా చూసి వెనక్కొచ్చారు. ఆ తర్వాతి సెలవు రోజున మళ్ళీ వెళ్ళారు. ఈసారి గేటు దగ్గర తల్లీకూతుళ్ళు కనిపించారు. "వచ్చింది నాన్నా!" అని పిచ్చుక ఉయ్యాల మీంచి దూకింది. గేటవతల బ్యాంకు ఉద్యోగిని ఆగింది. పార్కులోకి చూసింది. హ్యాండ్‌బ్యాగు భుజానికి ఎగదోసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది. బొద్దు పిల్ల మెడ తిప్పి చూస్తూ, ఖాళీగా ఉన్న చెయ్యి ఊపింది.

పిచ్చుక ఏడవలేదు. పెద్దదానిలా అంది, "చెప్పాగా, రెండోసారికి తెలిసిపోద్దని. పద నాన్నా, ఇంకో పార్కుకెళ్దాం."

డ్రైవరు పరుగున గేటు దాటాడు.

"అమ్మా, ఒక్క నిమిషం ఆగండి."

ఆవిడ ఆగింది. మొహం ఎర్రబడింది. "ఏమనుకోకండి. మీ పాప మంచి పిల్లే. ఇంట్లో వాళ్ళు ఒప్పుకోవడం లేదు. పిల్లలు కదండీ, జాగ్రత్త కోసం..."

"మీ మీద కోపం లేదమ్మా. మొన్న మీరు పక్కన చోటిచ్చారు. అందుకే అడుగుతున్నాను. మా పిల్ల మచ్చ మీ పిల్లకి అంటదు. డాక్టర్లు ఎప్పుడో చెప్పారు, మీకూ తెలిసే ఉంటుంది. కానీ ఇప్పుడు మీరు చెయ్యి పట్టి లాగారు చూడండి, అది అంటుతుంది. మొన్నటిదాకా మీ పిల్లకి ఎదుటిపిల్ల మొహంలో ఒక మచ్చే కనిపించింది. ఇక మీదట భయం కనిపిస్తుంది. నేనూ అదే తప్పు చేశానమ్మా. ఎవరో ఏదో అనకముందే నా పిల్లని లాక్కుపోతూ వచ్చాను. మీరు లాగినట్టే నేనూ లాగాను. నా పిల్ల ఏం నేర్చుకుందో తెలుసా? తాను కూర్చున్న చోటు తానే తుడుచుకోవడం నేర్చుకుంది. అయిదేళ్ళమ్మా దానికి."

ఆవిడ తల దించుకుంది. ఈ కథలో ఆవిడ అక్కడికక్కడే మనసు మారి లోపలికి వచ్చిందని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది. కానీ ఆవిడ రాలేదు. చెయ్యి వదలకుండానే నడిచి వెళ్ళిపోయింది. "ముట్టుకుంటే ఏమవుద్దమ్మా? చెప్పమ్మా, ఏమవుద్ది?" అని బొద్దు పిల్ల అడగడం మలుపు దాకా వినిపించింది. ఆ ప్రశ్నకి ఆవిడ ఏం జవాబు చెప్పిందో తెలియదు.

డ్రైవరు తిరిగి వచ్చేసరికి పిచ్చుక చెప్పులు వేసుకుని తయారుగా నిలబడి ఉంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెప్పులు విప్పాడు.

"మనం వెళ్ళడం లేదు తల్లీ. రేపూ ఇక్కడికే. నాకు డ్యూటీ ఉన్న రోజుల్లో అమ్మ తీసుకొస్తుంది, ఇక్కడికే."

"ఎవరూ రాకపోతే?"

"నేను తోస్తాను, నువ్వు ఊగు."

"నువ్వు ఏడుస్తావుగా మరి."

"ఏడిస్తే ఏడుస్తాను. ఏడ్చినా ఇక్కడే ఉంటాను."

ఆ పిల్ల చిన్న చేత్తో తండ్రి చెంప తుడిచింది. ఉయ్యాలెక్కింది. పార్కులో వాళ్ళిద్దరే ఉన్నారు.

వాళ్ళు ఆ పార్కుకే వెళ్తూ వచ్చారు. కొందరు తల్లులు పిల్లల్ని లాక్కుపోయారు. రోజూ చూసి చూసి కొందరు లాక్కుపోవడం మానేశారు. తాళ్ళ నిచ్చెన దగ్గర పిచ్చుకతో పాటు ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లలు వేలాడుతున్నారు. బొద్దు పిల్ల మాత్రం మళ్ళీ రాలేదు. జారిన తర్వాత గౌను అంచుతో బల్ల తుడిచే అలవాటు పిచ్చుకకి పోలేదు. "వద్దమ్మా, తుడవక్కర్లేదు" అని తండ్రి చెప్పిన ప్రతిసారీ, "మర్చిపోయాను నాన్నా" అంటుంది, మళ్ళీ తుడుస్తుంది. ఒక్క సాయంత్రం, ఒక రుమాలు, నాలుగు చుక్కల నీళ్ళు. వాటితో పసిమనసు మీద పడినదాన్ని చెరపడానికి ఇంకెన్ని సాయంత్రాలు కావాలో ఏ డాక్టరమ్మ చెప్పగలదు?

అయ్యలారా, అమ్మలారా! మీ పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళినప్పుడు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. పిల్లలు మనం నోటితో చెప్పే నీతులు నేర్చుకోరు. మనం ఎవర్ని చూసి పక్కకి తప్పుకుంటామో, అది చూసి నేర్చుకుంటారు.