కింది బెర్తు

దసరా పూజ సెలవులకు ఎక్కడికి వెళ్ళాలన్న గొడవ శర్బాణి ఇంట్లో రథయాత్ర నాడు మొదలై ఆగస్టు దాకా సాగుతుంది. మరిది నిర్మాల్యకు కొండలు కావాలి, తోడికోడలికి కోటలు కావాలి. భర్త తపోవ్రతకు ఎక్కడికెళ్ళినా శుభ్రమైన బాత్రూమూ చేపల పులుసూ ఉంటే చాలు. ఈ మహానుభావులందరికీ నచ్చే ఊరు వెతకడం, హోటల్ వాళ్ళతో మాట్లాడటం, అరుగుదల మందు నుంచి మంకీ టోపీల దాకా సర్దడం కొడుకు బడిలో చేరినప్పటి నుంచీ, ఇరవై రెండేళ్ళుగా, శర్బాణి నెత్తినే ఉంది.

ఇంతా చేసి ఆవిడ చూసిందేమిటి? అత్తగారు హేమనళినికి మోకాళ్ళు సహకరించేవి కావు. ఎవరో ఒకరు ఆవిడ దగ్గర ఉండాలి. ఆ ఒకరు ఎవరన్నది ఎప్పుడూ చర్చకే రాలేదు. డార్జిలింగ్‌లో అందరూ టైగర్ హిల్ మీద సూర్యోదయం చూస్తుంటే, శర్బాణి హోటల్ గదిలో అత్తగారి కాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టింది. ఖండగిరి గుహలు ఎలా ఉంటాయో ఆవిడకు తెలియదు గానీ, వాటి కింద టీ కొట్టువాడికి ముగ్గురు కూతుళ్ళని తెలుసు. "నువ్వెళ్ళమ్మా, నేనొక్కదాన్నీ కూర్చోలేనా?" అనేది అత్తగారు ప్రతిసారీ. అది దెప్పిపొడుపేనని శర్బాణి నమ్మకం. పళ్ళు బిగించి పక్కనే కూర్చునేది.

మాఘమాసంలో అత్తగారు పోయింది. శర్బాణి నిజంగానే ఏడ్చింది. ఏడుపు ఆగాక, సిగ్గుపడుతూనే, ఈసారి నేను పైకెక్కుతాను అనుకుంది. కుంభల్‌గఢ్ కోటకు అందరినీ ఒప్పించింది. ఆ కొండకోట గోడ మీద నిలబడి కాస్త గాలి పీల్చుకుంటే చాలు, ఇంకేమీ వద్దు. శ్రావణం వచ్చేసరికి శర్బాణి మోకాలే వాచింది. మెట్లు మానేయమన్నాడు డాక్టరు, అదేదో మిఠాయి మానేయమన్నంత తేలిగ్గా.

రైలు టికెట్లు ఇవ్వడం మొదలయ్యే రోజు పొద్దున ఏడున్నరకే అందరూ భోజనాల బల్ల చుట్టూ చేరారు. బయట వాన. మరిది మరమరాల్లో ఆవనూనె కలుపుకుంటూ ఏర్పాట్లు ప్రకటించాడు.

"వదిన కోట కింద కూర్చుంటుంది. నీడుంటుంది, టీ ఉంటుంది. వదినకి అలవాటేగా!"

"అవును బాబూ, టీ కొట్టువాళ్ళంతా నా చుట్టాలే," అంది శర్బాణి.

అందరూ నవ్వారు. పెళ్ళయి ఏడాదైనా కాని కోడలు తియాషా మాత్రం నవ్వలేదు.

"అత్తయ్య దగ్గర నేనుంటాలెండి."

"నువ్వెళ్ళమ్మా, నేనొక్కదాన్నీ కూర్చోలేనా?"

నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి మాటో శర్బాణికి తట్టలేదు. తను దెప్పడానికి అనలేదు. నిజంగానే వెళ్ళమంది. "పర్వాలేదత్తయ్యా," అంది కోడలు తలొంచుకుని. ఆ పిల్ల పళ్ళు బిగించడం శర్బాణి చూసింది.

"ఎనిమిదయింది, కానీ కానీ!" అని అరిచాడు తపోవ్రత. రెండు నిమిషాలు దాటితే సీట్లుండవు. ఫోనులో దాచుకున్న పేర్లను శర్బాణి ఏళ్ళ అలవాటు ప్రకారం వరసగా నొక్కుకుంటూ పోయింది. తన పేరు ఎప్పుడూ చివర నొక్కుతుంది. ఒక టికెట్టుకు ఆరుగురే. ఆరు లెక్కకు రాగానే ఆపి డబ్బు కట్టేసింది. సీట్లు ఖాయమయ్యాయి. చప్పట్లు కొట్టారు.

మరిది ఫోను లాక్కుని పైకి చదవబోయి మొదటి పేరు దగ్గరే ఆగిపోయాడు.

"వదినా... హేమనళిని, ఎనభై మూడేళ్ళు, కింది బెర్తు."

అత్తగారు, భర్త, మరిది, తోడికోడలు, కొడుకు, కోడలు. ఆరుగురూ సరిపోయారు. శర్బాణి లేదు.

"ఏం కాదులే," అన్నాడు తపోవ్రత గొంతు సవరించుకుని. "స్టేషన్లో అర్జీ పెట్టి పేరు మార్పిద్దాం. అమ్మ డెత్ సర్టిఫికెట్ ఉందిగా."

శర్బాణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు నిండాయి. ప్రయాణానికి ఇంకా అరవై రోజులున్నాయి. ఆవిడ ఇప్పటికే అలసిపోయింది.

"వద్దండీ. అలాగే ఉండనివ్వండి."

"నువ్వు రావా? అన్నీ నువ్వే చేసి?"

"నాకిక ఓపిక లేదు. తియాషా, నువ్వు పైదాకా ఎక్కు. ఎవరి కోసమూ కింద ఆగకు."

"మరి ఆ బెర్తు ఖాళీగా పోతుందే," అన్నాడు మరిది.

"ఖాళీ ఎందుకూ? అత్తయ్యని వెళ్ళనివ్వండి," అంది శర్బాణి టీ గ్లాసులు పోగుచేస్తూ. "ఇరవై రెండేళ్ళలో ఆవిడ మాత్రం ఏం చూసింది? నా పక్కనేగా కూర్చుంది."