దాల్చినపొడితో వస్తానన్నవాడు

థోరా ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నుంచీ ఆఫీసులో దాల్చినచెక్క వాసన వేస్తూనే ఉంది. బుధవారాలైతే సరే, అందరూ అరచేయంత దాల్చినరొట్టెలు తెచ్చుకుని తింటారు. డెన్మార్క్‌లో బుధవారమంటే అంతే. కానీ ఆమెకు సోమవారమూ వాసన వచ్చేది. కోటు మడతల్లోంచి, కుర్చీ వెనకనుంచి. తల తిప్పితే గోడ తప్ప ఏమీ ఉండేది కాదు.

అంతకుముందు కొన్నేళ్ళు ఆర్హుస్‌లో ఆడింది ఆట, పాడింది పాట. ఒక చదువు సగంలో వదిలి ఇంకొకటి పట్టుకోవడం, చలికాలం పరాయిదేశపు మంచుకొండల మీద బార్లలో గ్లాసులు కడగడం, వేసవంతా రేవులో ఈత. పక్కన ఎప్పుడూ యెప్పె ఉండేవాడు. ప్రేమ కాదు, అంతకంటే తీసిపోయిందీ కాదు. పెళ్ళి కాకుండా ఇరవై ఐదు నిండినవాళ్ళని దీపస్తంభానికి కట్టేసి దాల్చినపొడి కుమ్మరించడం అక్కడి సరదా. స్నేహితుల్లో ఎవరి వంతు వచ్చినా బస్తా మోసేది యెప్పెనే.

"నీ వంతు రానీ పిల్లా," అనేవాడు. "ఏ బొరియలో దాక్కున్నా బస్తా ఎత్తుకొచ్చేస్తా. వారం దాకా నీ చెవుల్లోంచి పొడి రాలకపోతే నా పేరు మార్చుకుంటా."

"ముందు లేచి మొహం కడుక్కో. తర్వాత ఎత్తుదువుగాని బస్తా," అనేది థోరా.

జనవరిలో ఒక ఉదయం, గడ్డకట్టే నీళ్ళలో మునుగుదాం రమ్మని తలుపు కొట్టాడు. చలికాలపు ఈతకు ఒంటరిగా దిగకూడదని అక్కడ పసిపిల్లలకూ తెలుసు. థోరా అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారై ఉంది. పక్క ఊరు రాండర్స్‌లో కిటికీలు తయారుచేసే కంపెనీలో ఇంటర్వ్యూ. "ఇవాళ కాదులే, రేపు," అంది. అతను రేపటిదాకా ఆగలేదు, ఒక్కడే దిగాడు. ఉద్యోగం వచ్చిందని చెబుదామని ఆమె ఫోన్ చేస్తే అవతల ఎత్తింది పోలీసు.

తప్పెవరిదంటే న్యాయంగా ఎవరిదీ కాదు. మనసుకి న్యాయంతో పనేముంది? తను కూర్చున్న కుర్చీ యెప్పె ప్రాణం వెలగా కట్టి తెచ్చుకున్నదని ఆమె గుండెలో గట్టిగా నాటుకుపోయింది.

మే నెలలో ఆమె ఇరవై ఐదో పుట్టినరోజు వచ్చింది. ఆఫీసులో ఎవరి పుట్టినరోజు కేకు వాళ్ళే తేవాలి. మిగతావాళ్ళు బల్లమీద చిన్న జెండా పెడతారు. థోరా కేకూ తేలేదు, నోరూ మెదపలేదు. లోపల మాత్రం ఒట్టు పెట్టుకుంది. అన్నమాట ప్రకారం యెప్పె వచ్చినట్టు ఏ చిన్న గుర్తు కనబడినా సరే, ఈ ఉద్యోగానికో దండం పెట్టి వెళ్ళిపోవాలి.

చిత్రంగా ఆరోజు వాసనే లేదు. కోటు మూచూసింది, కుర్చీ మూచూసింది. సాయంత్రం అందరూ లేస్తుంటే హమ్మయ్య అనుకోవాల్సింది పోయి ఏడుపు తన్నుకొచ్చింది. వంటగది అల్మరాలోంచి దాల్చినపొడి డబ్బా తీసుకుని, కార్లు ఆపేచోట దీపస్తంభానికి వీపు ఆనించి నిలబడింది.

లెక్కలు చూసే పెద్దావిడ బిర్టె సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

"ఏయ్ థోరా, అక్కడ బస్సు ఆగదు!"

"ఇవాళ నాకు ఇరవై ఐదు నిండాయి బిర్టె."

"అమ్మ దొంగా! కేకు ఎగ్గొట్టావన్నమాట."

థోరా మొహం చూశాక ఆవిడ నవ్వు ఆగిపోయింది. థోరా అంతా చెప్పేసింది. జనవరి, ఇస్త్రీ చొక్కా, బస్తా ఎత్తుకొస్తానన్న మాట. బిర్టె హెల్మెట్ పట్టీ విప్పి, సైకిలు పక్కన నిలబెట్టింది.

"నేను ఆ అబ్బాయిని కాదు," అంది. "కానీ డబ్బా మూత తియ్యడం నాకూ వచ్చు. కళ్ళు మూసుకో. నోరు కూడా."

పొడి జుట్టులో పడింది, రెప్పల మీద పడింది. థోరా ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని అతని నవ్వు కోసం విన్నది. బిర్టె దగ్గు వినబడింది.

"వెనక ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా. నేనే."

మర్నాడు ఆమె బల్లమీద జెండా ఉంది. "కేకేదీ?" అని అందరూ మీదపడ్డారు. రేపు తెస్తానని నవ్వి కూర్చుంది. అలవాటుగా వెనక్కి తిరిగి గోడ చూసింది. అతను వెంటాడుతున్నాడని ఇన్నాళ్ళూ భయపడింది. ఇప్పుడు అక్కడ లేడనుకుంటేనే ఒంటరిగా అనిపించింది.

కంప్యూటర్ మీదకు వంగేసరికి చెవిలోంచి చిటికెడు పొడి మీటల మీద రాలింది. రాత్రి రెండుసార్లు తల రుద్దుకున్నా పోలేదు. పొడి రాలకపోతే పేరు మార్చుకుంటానన్నవాడు మాట నిలబెట్టుకున్నాడు. గుర్తంటే ఇదే. ఒట్టు ప్రకారం లేచి వెళ్ళిపోవాలి.

అవతల ఫోన్ మోగుతోంది. చేయవలసిన పని బల్లనిండా ఉంది.

"ఇవాళ కాదులే," అంది థోరా మెల్లగా, గోడకేసి. "రేపు."

అన్నాక గుర్తొచ్చింది, ఆ ఉదయం తలుపు దగ్గర అన్నదీ ఈ మాటే. ఫోన్ ఎత్తబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది.