బుడ్డిదాని మొదటి మాట

బుడ్డిది మొదట ‘అమ్మ’ అంటుందా, ‘నాన్న’ అంటుందా అని మొగుడూ పెళ్ళాం పందెం వేసుకున్నారు. ఇద్దరూ ఓడిపోయారు. నిన్న సాయంత్రం అది నేల మీద కూర్చుని, చూపుడువేలు పైకెత్తి, వాళ్ళమ్మ మొహంలోకి చూసి “ఉందు” అంది.

‘ఉండు’ అన్నమాట.

వాళ్ళ నాన్నయితే విరగబడి నవ్వాడు, ఇంట్లో ఇంకో ఆఫీసరమ్మ తయారైందని. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. పిల్ల పొద్దస్తమానం ఉండేది క్రెష్‌లో. అక్కడి ఆయానే దీన్ని కసురుతూ ఉంటుంది, లేకపోతే పాలు తాగే పిల్లకి ఆ మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? క్రెష్ మార్చేద్దామని మొగుడికి తేల్చి చెప్పేసింది.

ముందు ఆ ఆయాని కడిగేద్దామని, పొద్దున్నే పిల్లని చంకనేసుకుని వెళ్ళింది. తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల ఆయా ఒకడికి లాగు మారుస్తూ, ఉయ్యాల్లో గుక్కపట్టిన ఇంకొకడితో కబుర్లు చెబుతోంది. వచ్చె వచ్చె, పిన్ని వచ్చె, ఈ దొంగ సచ్చినోడు కాలివ్వట్లేదురా, అదిగో ఇచ్చాడు, వచ్చె. ఉయ్యాల్లోవాడు ఏడుపు ఆపి వింటున్నాడు.

అయినా అడిగింది.

“పిన్నీ, మా దానికి ‘ఉండు’ అనడం నువ్వే నేర్పావా?”

“నేనా? అదే నాకు నేర్పుతోంది తల్లీ. చెక్కముక్క ఒకటి చెవికి పెట్టుకుని, పిలిస్తే చాలు, వేలు చూపిస్తుంది” అని ఆయా నవ్వింది.

పిల్ల తల్లి ఉద్యోగం ఫోన్లో ఫిర్యాదులు వినడం. ముక్కూమొహం తెలియని వాళ్ళకి “లైన్లో ఉండండి సార్” అని తేనె పూసి చెబుతుంది. ఇంటికొచ్చాక కూడా ఆ ఫోను వదలదు. బుడ్డిది వచ్చి కాళ్ళకి చుట్టుకుంటే వేలెత్తి ‘ఉండు’ అంటుంది. దానికి మాత్రం తేనె ఉండదు. ఇంట్లో పిల్లతో తను ఇంకేం మాట్లాడుతుందో గుర్తు చేసుకోబోయింది. ఒక్కటీ తట్టలేదు.

కోపమొచ్చిందా అని ఆయా అడిగితే, లేదని తలూపింది.

బస్సు వేళయింది. పిల్లని కింద దించి ఇటు తిరిగిందో లేదో, వేలాడుతున్న సంచీ తాడు పట్టుకుంది బుడ్డిది.

“ఉందు.”

ఈసారి వేలు లేదు. ఆగమంటోందో, వెళ్ళకుండా ఉండిపొమ్మంటోందో. మాట ఒకటే కదా. సంచీలో ఫోను మోగుతోంది. అలవాటుగా ఆ మాటే నోటిదాకా వచ్చింది. మింగేసి, గుమ్మంలోనే చతికిలబడింది.

“ఉన్నానే” అంది మెల్లగా.

ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది. బుడ్డిది తాడు వదల్లేదు. వదలమనడానికి ఏమనాలో ఆమెకి తెలియలేదు.