సుగుణమ్మ మొక్కిన కోడి

చర్చిలో కానుకల సంచిలోకి సుందరరావు చేయి వెళ్లిందంటే ఓ పట్టాన బయటికి రాదు. వేస్తున్నాడో తీస్తున్నాడో తెలియక సంచి పట్టుకున్నవాడు బిక్కమొహం వేసేవాడు. వేసేది రెండు రూపాయల నోటే, దాన్ని వదలడానికీ ప్రాణం ఒప్పదు. దేవుడంటే భక్తి లేక కాదు పాపం, బోలెడంత ఉంది. ఆ భక్తికీ జేబుకీ రాకపోకలు లేవు, అంతే.

అలాంటి మనిషికి ఆ ఏడు వేసవిలో పచ్చకామెర్లు ముదిరి కళ్లు పసుపు ముద్దలయ్యాయి. భార్య సుగుణమ్మ హడలిపోయింది. ఈయన లేచి తిరిగితే, అశోక్‌నగర్‌లో తాము కిరాయికున్న ఇంటి మిద్దె మీద పెంచుకుంటున్న నాటుకోడిని కోతకాల పండుగకు చర్చికి ఇస్తానని మొక్కుకుంది. ఈయన లేచాడు. పండుగా వచ్చింది.

నారాయణగూడ, చిక్కడపల్లి మనుషులకు పొలాలెక్కడివి, కోతలెక్కడివి అని మాత్రం అడక్కండి. పండుగంటే పండుగే. ముషీరాబాద్‌లో కొన్న గుమ్మడికాయలూ చెరుకుగడలూ తెచ్చి చర్చిలో పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు, దాన్నే పాట అంటారు. ఆ ఏడు పాట డబ్బు వితంతువుల బియ్యానికని పాస్టరు అయ్యగారు ముందే చెప్పారు.

ఆ ఉదయం సుగుణమ్మ కోడిని చర్చిలో కానుకలు పెట్టే బల్ల ముందు దించి, కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే ఏడుపు. పక్కనే నిలబడ్డ సుందరరావుకి గుండె తరుక్కుపోయింది. పిల్లల్లేని ఇంట్లో పొద్దస్తమానం ఆమె మాట్లాడేది ఆ కోడితోనే. ఎలాగైనా దాన్ని పాటలో గెలిచి ఆమె చేతిలో పెట్టాలనుకున్నాడు. లోపలి జేబులో రెండు వేలున్నాయి. సాయంత్రం ఓ పాత స్కూటర్‌కు బయానా ఇవ్వాల్సిన డబ్బది. కోడికి మహా అయితే నూటయాభై అవుతుందిలే అని ధైర్యం చెప్పుకున్నాడు.

కానీ కాంట్రాక్టర్ విక్టర్ ఉన్నాడే, రాత్రికి ఇంట్లో నాటుకోడి పులుసని పొద్దుటి నుంచీ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు.

సంఘపెద్ద ముత్యాలు పాట మొదలుపెట్టాడు. సుందరరావు వంద అన్నాడు. ఆ నోట వంద వినబడేసరికి జనమంతా తిరిగి చూశారు. విక్టర్ రెండొందలన్నాడు. ఐదొందలైంది, ఎనిమిదొందలైంది. వెయ్యి దాటేసరికి సుందరరావుకి చెమటలు పట్టాయి. స్కూటర్ ముందు చక్రం పోయింది, సీటూ పోయింది. మధ్యలో సుగుణమ్మ వెనక నుంచి చొక్కా గుంజింది. సంతోషం పట్టలేక గుంజుతోందనుకుని ఇంకో రెండొందలు పెంచాడు. చివరికి విక్టర్‌కే విసుగొచ్చి ఊరుకున్నాడు. రెండు వేలకు కోడి సుందరరావుదైంది.

ఒకటే చప్పట్లు. అయ్యగారు వచ్చి చేయి పట్టుకుని, ఈ సంఘంలో ఇంత పెద్ద మనసు తాను చూడలేదన్నారు. జన్మలో పొగడ్త ఎరగని మనిషాయె, ఉబ్బితబ్బిబ్బై తల వంచుకున్నాడు.

"నాదేముంది అయ్యగారూ, అంతా ప్రభువుదే."

కొంప మునిగింది. పాట గెలిచినవాడు ఆ మాటన్నాడంటే, గెలిచినదాన్ని మళ్లీ దేవుడికే ఇచ్చేసినట్టు లెక్క. కలిగినవాళ్లు ఏటా చేసే పనే. ఎన్నడూ గెలిచిన పాపాన పోలేదు గనుక ఈయనకది తట్టలేదు. ముత్యాలు ఆయన చంకలోంచి కోడిని మర్యాదగా లాక్కుని పైకెత్తాడు.

"సుందరరావన్న మల్ల దేవునికే ఇచ్చిండు. పాట మల్ల షురూ."

చప్పట్లు రెట్టింపయ్యాయి. కాదు మొర్రో అందామంటే అంతమందిలో సుందరరావు పరువు పోతుంది, మళ్లీ పాడదామంటే చిల్లి గవ్వ లేదు. విక్టర్ నూట ఇరవైకి కోడిని పట్టుకుపోయాడు.

ఇంటికి నడుస్తుంటే పెళ్లాం మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు. చిక్కడపల్లి దాకా వచ్చాక ఇక ఆగలేక, కోడిని కాపాడలేకపోయాననీ, పొద్దున ఆమె ఏడుపు చూడలేకే పాటకు దిగాననీ, మాఫ్ చెయ్యమనీ అన్నాడు.

సుగుణమ్మ విచిత్రంగా చూసింది.

"కోడి కోసం నేనెందుకు ఏడుస్త? రోజూ నా కాళ్లు పొడుస్తది అది. పొద్దున మీ దిక్కు చూసిన. కండ్లు తెల్లగున్నయి. మిమ్మల్ని దేవుడు నాకు మల్ల ఇచ్చిండని ఏడుపొచ్చింది."

"మరి చొక్కా ఎందుకు గుంజినవ్?"

"ఇగనన్న పాట ఆపుతరని."

చిక్కడపల్లి నడిరోడ్డు మీద సుందరరావుకి ఏడుపు తన్నుకొచ్చింది. అందులో స్కూటర్ వాటా ఎంతో, ఆమె మాట వాటా ఎంతో ఆయనకే తెలియలేదు. సుగుణమ్మ కొంగు అందించింది. రేపు ఆఫీసుకు సైకిలే గనుక, దారిలో గాలి కొట్టించుకోమని కూడా చెప్పింది.