మైకు ఆపనన్న మనిషి

ఊళ్ళో ఏ సభ జరిగినా మైకుసెట్టు ఆమెదే. అందరూ మైకక్క అనేవారు. గుండెలో కవాటం మార్పించుకున్న మనిషి. బతికినన్నాళ్ళూ మందులు మింగాలి. నెలజీతమిచ్చే యజమాని లేడు కనుక ఆరోగ్య బీమా సొంతంగా తీసుకుంది. ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే భరించబట్టి ఎలాగో నెట్టుకొస్తోంది. వచ్చే ఏడాది నుంచి ఆ సాయం ఎత్తేస్తారన్న వార్తతో ఊరు అట్టుడికిపోయింది. దానిమీద శాసనసభలో త్వరలో ఓటింగు జరగాలి. ఈలోగా జనాన్ని సముదాయించడానికి శాసనసభ్యుడు సభ పెట్టాడు.

మైకక్క పెట్టెలు అమరుస్తుంటే ఆయన సహాయకుడు దగ్గరికొచ్చాడు.

"ఎవరైనా గొంతు పెంచితే మైకు ఆపెయ్. అడిగితే కరెంటు పోయిందను."

"నెత్తిమీద లైట్లు వెలుగుతుంటేనా?"

"చెప్పింది చెయ్యమ్మా. ముందు ముందు బోలెడు సభలున్నాయి."

వైర్లు లాగుతున్న ఆమె ఆడపడుచు అంతా విన్నది. "వదినా, ఊరుకో. ఈయనతో పెట్టుకుంటే మన నోట్లో మట్టే" అంది.

శాసనసభ్యుడు తేనె పూసినట్టు మాట్లాడాడు. సాయం ఎల్లకాలం ఉండదట, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలట. ముందు వరసలోంచి దర్జీ లేచి మైకందుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఈ కాళ్ళతోనే మిషను తొక్కానయ్యా. మా ఆవిడ డయాలసిస్ మంచం మీదుంది. తనను ఏ కాళ్ళ మీద నిలబడమంటారు?"

సహాయకుడు ఆపమని సైగ చేశాడు. మైకక్క మీట పట్టుకుంది. కళ్ళు మూసుకుని శబ్దం ఇంకాస్త పెంచింది. దర్జీ గొంతు వీధి చివరిదాకా ఖంగుమంది.

"మతి పోయిందా నీకు?" సహాయకుడు మీదికొచ్చాడు.

"మతీ ఉంది, కరెంటూ ఉంది" అంటూ ఆమే మైకందుకుంది. "అయ్యా, నన్ను మైకు ఆపమన్నారు. నేనాపను. నేనూ ఆ బీమా మీదే బతుకుతున్నా. మీ ఓటు ఎటో చెప్పి కదలండి."

"పరిశీలిస్తాం తల్లీ..."

"పరిశీలనలొద్దు! ఓటెటు?" జనమంతా లేచి నిలబడ్డారు. ఆయన నుదురు తుడుచుకుని, సాయం కొనసాగించాలనే ఓటేస్తానన్నాడు.

అన్నట్టే వేశాడు. అయినా దక్కింది ఒక్క ఏడాది పొడిగింపే. ఆపైన ఆయన సభలకు మైకక్కను పిలిచిన పాపాన పోలేదు.

"బేరాలు పోయె. ఏడాది తర్వాత మళ్ళీ మొదటికే. ఏం బావుకున్నాం వదినా?" అంది ఆడపడుచు.

"ఏడాది ప్రాణం తక్కువా ఏంటే? వచ్చేసారి ఓటెటో పక్కూరి శాసనసభ్యుడు ఇంకా నోరు విప్పలేదు. దర్జీని కూడా పిలువు, వెళ్ళొద్దాం" అంటూ మైకక్క పెట్టెలు బండికెత్తింది.